తలకొక అణా

రంగూన్, బొటటాంగ్,
1923 అక్టోబరు 28.

చిరంజీవి సూర్యావతికి మామయ్య అచ్చెన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అత్తా కులాసాగా ఉన్నాము.

నువ్వు కాలేజీకి క్షేమంగా చేరినట్టు రాసిన కార్డు మొన్న అందింది. మీ కాలేజీ ఉన్న రాష్ట్రం పేరు ఓహయో అని చదివి వినిపిస్తే మీ అత్త, "అదేటి పేరు, ఓయమ్మో అన్నట్టుంది" అంది. నువ్వు ఓడ ఎక్కిన దగ్గర్నుంచి మంగాయమ్మ నాతో ఆడిన మొదటి మాట అదే. ఇన్నాళ్లూ కంచం ముందు పెట్టి వెళ్లిపోవడమే తప్ప పలుకు లేదు. అందుచేత నీ కార్డు నాకు రెండు విధాల మేలు చేసింది.

మన కులపెద్ద అప్పారావు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. విధవ కోడల్ని ఒంటరిగా సముద్రం దాటించావు, రేపు మన ఆడపిల్లలకు సంబంధాలు ఎలా వస్తాయి అన్నాడు. నేను కోపగించుకోలేదు. యుద్ధం ఆఖరి ఏడు వచ్చిన జ్వరంలో డాక్టరు చౌక్తడా పేట నుంచి వచ్చి బండి దిగేసరికి మా అబ్బాయి ధర్మారావు ఒళ్లు చల్లబడిపోయిందని గుర్తుచేశాను. కూలీల ఇళ్లలో ఆడవాళ్లు పురిట్లోనే పోతున్నా మగ డాక్టరును గడప దాటనివ్వరు, మన ఇంటి మనిషే డాక్టరైతే ఆ గడప అడ్డం రాదు అన్నాను. అప్పారావు తాంబూలం తీసుకుని వెళ్లాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

మీ మిషన్ స్కూలు దొరసాని తన వచ్చీరాని తెలుగులో "నాలుగు సంవత్సరములు, తరువాత డాక్టరు" అన్న మాట రోజూ తలుచుకుంటున్నాను. స్కాలర్‌షిప్పు ఉంది గనక ఖర్చుకు బెంగ లేదు. చేతి ఖర్చుకు కావలిస్తే రాయి. మన కూలీల ముఠాలో దండాసి నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. వాళ్లమ్మాయి తార నువ్వు నేర్పిన అక్షరాలు బొగ్గుతో గోడంతా రాస్తోందట.

ఇట్లు, మామయ్య.


ఓహయో,
1923 డిసెంబరు 16.

పూజ్యులైన మామయ్యగారికి, అత్తయ్యగారికి సూర్యావతి నమస్కారాలు.

మీ ఉత్తరం మంచు కురుస్తున్న రోజున వచ్చింది. మంచు చూడటానికి బాగుంటుంది గాని చెప్పులోకి దిగితే ఏడుపు వస్తుంది. ఇక్కడ శాకాహారం అంటే ఉడకబెట్టిన బంగాళాదుంప. పచ్చిమిరపకాయ అనే వస్తువు ఈ ఊళ్లో లేదు. గదిలో నాతో ఉండే అమ్మాయి మంచిది. రాత్రి నాకు దగ్గు వస్తే తన దుప్పటి కూడా నా మీదే కప్పుతుంది.

ఒక సంగతి రాయక తప్పదు. స్కాలర్‌షిప్పు పాఠాల ఫీజులో సగానికే. మిగతా సగం, గది అద్దె, భోజనం, ప్రయోగశాల రుసుము, పుస్తకాలు అన్నీ మనవే. ఏడాదికి నాలుగు వందల డాలర్లు, అంటే మన రూపాయల్లో పదమూడు వందల దాకా అవుతుంది. దొరసాని ఇచ్చిన కాగితంలో సహాయం చేస్తామని ఉంది గాని ఎంత అన్నది లేదు. నాకూ ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఇది సర్కారు కాలేజీ కాదు. ధనవంతులు కట్టించినది. ఒక్కొక్క భవనం గుమ్మం మీద ఒక్కొక్కరి పేరు చెక్కి ఉంటుంది. అంత డబ్బున్నవాళ్లు మనల్ని ఎందుకు అడుగుతారని మీకు అనిపిస్తుంది. నేను అడిగాను. ఆ డబ్బు భవనాలకట, పంతుళ్ల జీతాలు పిల్లల ఫీజుల్లోంచట. సర్కారు కాలేజీలు ఈ రాష్ట్రంలో పుట్టినవాళ్లకు చవక. నన్ను రమ్మన్నది మాత్రం ఈ కాలేజీ ఒక్కటే.

మీరు కంగారు పడవద్దు. సాయంత్రాలు భోజనశాలలో పళ్లేలు కడిగితే నా తిండి ఖర్చు తగ్గిస్తారు. చాలామంది పిల్లలు ఆ పని చేస్తారు, ఇక్కడ అది చిన్నతనం కాదు. రెండో విడత కట్టడానికి రెండు వందల రూపాయలు తక్కువ పడుతున్నాయి. వీలైతే పంపండి. వీలు కాకపోతే తిరిగి వచ్చే దారి నేను చూసుకుంటాను.

మీ కోడలు,
సూర్యావతి.


రంగూన్,
1924 ఫిబ్రవరి 3.

చిరంజీవి సూర్యావతికి దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తకు మొత్తం చదివి వినిపించలేదు. పళ్లేలు కడగడం దగ్గర ఆపేశాను. దగ్గు అని రాశావు, దానికి మీ అత్త శొంఠి దంచి పొట్లం కట్టింది, పోస్టాఫీసువాళ్లు తీసుకోలేదు.

నేను భీమిలి నుంచి ఈ రంగూన్ వచ్చినప్పుడు నాకు మీసం కూడా లేదు. బస్తాలు మోసిన భుజం ఇప్పటికీ వాన పడితే పీకుతుంది. కూలీగా దిగినవాణ్ణి మేస్త్రీనయ్యాను. అచ్చెన్న మేస్త్రీ కోడలు పరాయి దేశంలో ఎంగిలి పళ్లేలు కడుగుతోందని ఈ వీధిలో తెలిస్తే నేను జెట్టీ మీద తలెత్తుకుని నడవలేను. ఈ ఉత్తరం అందిన రోజే ఆ పని మానెయ్యి. రెండు వందలు కాదు, ఆరు వందలు పంపాను. ఎక్కడివని అడగకు. ఇది ధాన్యం ఎగుమతి కాలం, ఓడలు వరస కట్టి ఉన్నాయి, చేతి నిండా పని.

తిరిగి వచ్చే దారి చూసుకుంటానన్న మాట నాకు నచ్చలేదు. నీకు అక్కడ మనసు నిలవడం లేదని అర్థమయింది. చలికి ఓర్చుకో. నాలుగేళ్లు ఎంతలో గడుస్తాయి.

మామయ్య.


ఓహయో,
1924 మే 25.

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

డబ్బు అందింది. మీరు చెప్పినట్టే పళ్లేల పని మానేశాను. దానితో భోజనం ఖర్చు పూర్తిగా మన మీద పడింది. మనసు నిలవక రాసిన మాట కాదది. మీకు భారం కాకూడదని రాశాను. పరీక్షలు బాగా రాశాను. జంతుశాస్త్రంలో తరగతిలో నాది రెండో స్థానం.

ఇప్పుడు రాసేది కూచుని చదవండి. వచ్చే ఏటి నుంచి ఫీజు పెంచారు. కొత్త వ్యాయామశాల కడుతున్నారట. కాలేజీ ప్రెసిడెంటుగారు సభలో ఆ వార్త చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. గదికి వచ్చాక తలుపు కింద పెంచిన ఫీజు కాగితం ఉంది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. నాలుగేళ్లు అయ్యాక నేను డాక్టరును కాను. వచ్చేది బి.ఏ. పట్టా. ఆ తరువాత వైద్య కాలేజీ వేరు, అది ఇంకో నాలుగేళ్లు, దాని ఫీజు ఇంతకంటే ఎక్కువ. దొరసాని చెప్పినది నాలుగేళ్ల తరువాతే డాక్టరు చదువు మొదలని. ఆవిడ తెలుగు మీకొక రకంగా వినిపించింది, నాకూ అలాగే వినిపించింది. ఇక్కడి పంతులమ్మగారు నిన్న కాగితం మీద గీతలు గీసి చూపిస్తే గాని బోధపడలేదు.

నాకు తోచినది రాస్తున్నాను. ఈ ఏడాదితో ఆపి వచ్చేస్తాను. రంగూన్‌లో ఆడవాళ్ల ఆసుపత్రిలో మంత్రసాని శిక్షణ ఇస్తారు. ఏడాదిన్నరలో పని చేతికి వస్తుంది. మీరు అప్పారావుగారితో చెప్పిన గడప దాటడానికి అది చాలు. మీ మాట కోసం చూస్తుంటాను.

సూర్యావతి.


రంగూన్,
1924 జూలై 13.

చిరంజీవి సూర్యావతికి దీవెనలు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మిషన్ స్కూలుకు వెళ్లాను. దొరసాని సెలవులకు మేమ్యో కొండ మీదికి వెళ్లిందన్నారు. గేటు దగ్గర వానలో కాసేపు నిలబడి వచ్చేశాను. నడుస్తూ ఆలోచిస్తే ఆవిడ అబద్ధం ఆడలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

మంత్రసాని మాట మళ్లీ ఎత్తకు. ఇంతమందిని ఎదిరించి నిన్ను పంపించి, చివరికి మా కోడలు మంత్రసాని అని చెప్పలేను. ఎనిమిదేళ్లయితే ఎనిమిదేళ్లు. ఈ విడతకు కావలసినది పంపాను.

డబ్బు ఎక్కడిదన్న బెంగతోనే వచ్చేస్తానంటున్నావు. కనక చెప్పేస్తాను, నిశ్చింతగా చదువుకుంటావు. మన ముఠాలో ఎనభై మంది ఉన్నారు. కంపెనీ కూలి నా చేతికిస్తుంది, నా భాగం పట్టుకుని వాళ్లకు పంచుతాను, అది నీకు తెలిసిందే. మొదట పంపిన ఆరు వందలు అప్పు తెచ్చాను, అది తీర్చడానికీ తరువాతి విడతలకూ ఫిబ్రవరి నుంచి రోజుకు తలకొక అణా అదనంగా పట్టుకుంటున్నాను. చాటుగా కాదు. అందరినీ కూచోబెట్టి చెప్పాను. మన డాక్టరమ్మ వచ్చాక మీ ఆడవాళ్లకూ పిల్లలకూ బతికినంత కాలం మందు ఊరికే ఇస్తుంది, ఇది ముందుగా కట్టుకునే ఫీజు అన్నాను. అందరూ తల వంచుకుని కూచున్నారు. అప్పుడు దండాసి లేచి, "మా తారకి అచ్చరాలు సెప్పిన తల్లి. నా అణా ఆయమ్మకే" అన్నాడు. తరువాత ఎవరూ కాదనలేదు.

చూశావా, నీ వెనక ఇంతమంది ఉన్నారు.

మామయ్య.


ఓహయో,
1924 సెప్టెంబరు 7.

మామయ్యగారికి నమస్కారాలు.

ఆ అణా ఆపండి. ఈ ఉత్తరం అందిన రోజే ఆపండి. పళ్లేలు మానమని మీరు ఇలాగే రాస్తే నేను మారు మాట్లాడకుండా మానేశాను. ఇప్పుడు నా మాట మీరు వినాలి.

చేతికి పన్నెండణాలు వచ్చే మనిషికి అణా అంటే ఏమిటో నాకంటే మీకే బాగా తెలుసు. మేస్త్రీ అడిగితే కూలీ ఏమంటాడు? రేపు పనిలోకి పిలవరని భయం. తల వంచుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. దండాసి లేచి మాట్లాడాడంటే, వాడి కూతురికి నేను నేర్పిన నాలుగు అక్షరాల కోసం. వాటికి నేను ఎవరినీ ఫీజు అడగలేదు.

మీ మీద గౌరవం తగ్గి రాస్తున్నానని అనుకోవద్దు. ఈ దేశంలో నన్ను కన్నకూతురిలా చూసుకునే మామగారు ఉన్నారని చెబితే అమ్మాయిలు నమ్మరు. మళ్లీ పళ్లేల పనిలో చేరాను, బట్టలుతికే చోట కూడా. జనవరిలో కట్టవలసిన విడతకు మీరేమీ పంపవద్దు. నెగ్గుకురాగలిగితే ఉంటాను, లేకపోతే వస్తాను. అత్తయ్యగారికి ఈసారి ఉత్తరం మొత్తం చదివి వినిపించండి.

సూర్యావతి.


రంగూన్,
1924 అక్టోబరు 12.

చిరంజీవి సూర్యావతికి దీవెనలు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. చదువులో పడ్డావని అనుకుంటున్నాను. జనవరి విడతకు డబ్బు ఇప్పుడే పంపేశాను, ఈసారి నేరుగా కాలేజీ పేరునే పంపాను, నీకు బ్యాంకు చుట్టూ తిరిగే పని లేకుండా. వానలు ఇంకా తెరిపివ్వలేదు. మీ అత్త మోకాళ్లు వాచాయి, మెట్లు దిగడం మానేసింది.

ఒక చెడ్డ వార్త. దండాసి పోయాడు. పగలంతా మన దగ్గర పని చేసి, సాయంత్రం నుంచి జోగి మేస్త్రీ ముఠాలో ఇంకో వంతు బస్తాలు మోస్తున్నాడట. నాకు తెలియదు. తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాను, అలసిన మనిషిని పలక మీద నడవనివ్వకూడదు. ఓడకూ గట్టుకూ మధ్య వేసిన పలక వానకు నాని ఉంది. బస్తాతో సహా జారి, కింద కట్టిన పడవ అంచు మీద పడ్డాడు. నీళ్లలోంచి తీసేసరికి ప్రాణం లేదు.

దహనానికి నేనే ఖర్చు పెట్టాను. తరువాత వాడి పెళ్లాం సింహాచలమ్మ తార చెయ్యి పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు. ఇరవై రూపాయలు ఇవ్వబోతే చెయ్యి చాచలేదు. "రెండో వంతు ఎందుకెల్తన్నావురా అంటే, అణా పూడ్సుకోవాల గదే అన్నాడు బాబూ. బియ్యం సాల్లేదు మాకు" అంది. తరువాత, "డాట్రమ్మ ఎప్పుడొస్తాది?" అని అడిగింది. ఏడేళ్లు పడుతుందని చెప్పాను. తారను తీసుకుని వెళ్లిపోయింది. మీ అత్త లోపలి నుంచి అంతా వింది.

ముఠాలో సగం మంది జోగి దగ్గరికి పోయారు. వానలు తగ్గాక తిరిగి వస్తారు. నువ్వు ఇది మనసులో పెట్టుకోకు. పలక జారడం ఎవరి చేతిలోనూ లేదు. చదువు మీద ధ్యాస పెట్టు.

మామయ్య.


ఓహయో,
1924 డిసెంబరు 7.

మామయ్యగారికి సూర్యావతి రాస్తున్నది.

తేదీలు చూస్తే నా ఉత్తరం మీకు అందకముందే మీ ఉత్తరం బయలుదేరింది. కనక మిమ్మల్ని ఏమీ అనను.

మీరు పంపిన డబ్బు తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్లాను. సింహాచలమ్మకు పంపించాలనుకున్నాను. కాలేజీ డబ్బు వ్యవహారాలు చూసే పెద్దమనిషి నన్ను కూచోబెట్టి, మీ కుటుంబంలో ఎవరైనా చనిపోయారా అని అడిగాడు. "మా కుటుంబం కాదండీ, ఈ డబ్బు ఇచ్చినవాడు" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాడు. గది, భోజనం ఏడాది మొత్తానికి ఒప్పుకుని సంతకం చేశాను గనక మధ్యలో వెళ్లిపోయినా ఏడాది మొత్తానికీ కట్టాలని, మీరు పంపినది అందులోకే జమ అవుతుందని, ఇంకా అరవై డాలర్ల పైన బాకీ ఉంటుందని చెప్పాడు. అది తీరేదాకా నేను ప్యాసైన పరీక్షలకు సర్టిఫికెట్టు ఇవ్వరట. నియమం ఎవరికైనా ఒకటే అన్నాడు.

అయినా మానేశాను. దగ్గరి పట్నంలో ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని దొరికింది, చిరునామా కింద రాశాను. వేసవిలో బర్మా వస్తున్న ఒక మిషన్ కుటుంబం వాళ్ల పిల్లల్ని చూసుకోవడానికి నన్ను వెంట తీసుకువస్తామన్నారు. టిక్కెట్టులో సగం వాళ్లు పెట్టుకుంటారు.

తార సంగతి రాయండి.

సూర్యావతి.


సిరియం,
1925 ఫిబ్రవరి 15.

సూర్యావతికి,

చదువు మానేశావు. నిన్ను మానమని ఎవరన్నారు? అణా ఆపమన్నావు, అది నీ ఉత్తరం రాకముందే ఆగిపోయింది, పట్టుకోవడానికి మనుషులే లేరు. ఎనభై మందీ జోగి దగ్గరికి వెళ్లిపోయారు. కంపెనీ పని కూడా వాడికే ఇచ్చింది. బొటటాంగ్ ఇల్లు బర్మా ఆసామి ఊ ఫో సీన్‌కు అమ్మి అప్పులు తీర్చాను. ఇప్పుడు నది ఇవతల, నూనె ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాస్తున్నాను. లోపలికి వెళ్లే కూలీల చేతిసంచులు తడిమి చూడటం నా పని.

నువ్వు డాక్టరువై వస్తే వీటన్నిటికీ ఒక అర్థం ఉండేది. దండాసి దేనికి పోయాడంటే ఇదిగో దీనికి అని చూపించేవాణ్ణి. ఇప్పుడు దేనికి పోయినట్టు? కాలేజీలో చదివినదానివి, దీనికి జవాబు రాయి.

తార సంగతి నాకు తెలియదు. నేను ఆ వైపు వెళ్లలేదు. మీ అత్త ఒక మాట రాయమంది. "వచ్చీమను" అంది. ఆవిడ చెప్పింది గనక రాశాను. అది నా మాట కాదు.

అచ్చెన్న.


రంగూన్,
1925 ఆగస్టు 2.

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

పోయిన నెల రంగూన్ చేరాను. మీ దగ్గరికి ముందు రానందుకు క్షమించండి. ముందు సింహాచలమ్మ దగ్గరికి వెళ్లాను. మీరు అడిగినదానికి జవాబు ఓడ మీద ఉన్నంత కాలం వెతికాను, దొరకలేదు.

ఆమె బియ్యం మిల్లులో చెరిగే పనిలో ఉంది. నేను వెళ్లేసరికి తార చాప మీద పడి ఉంది, ఒళ్లు కాలిపోతోంది. నన్ను చూడగానే సింహాచలమ్మ లేచి, పిల్ల చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. "ఏటో సూడమ్మా. నీ సదువు బేగి అయిపోనాది, మంచిదే అయింది" అంది.

మామయ్యగారూ, కప్ప గుండెకు ఎన్ని అరలుంటాయో నాకు తెలుసు. లాటిన్‌లో జ్వరాన్ని ఏమంటారో తెలుసు. ఆ పిల్లకు వచ్చినది ఏ జ్వరమో తెలియలేదు. చదువు అవలేదని, నేను డాక్టరును కానని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూస్తూ, "మరి మా అణా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. ఏమయిందో తెలుసుకుందామని అడిగింది.

పిల్లను ఎత్తుకుని ఇద్దరం రిక్షాలో ఆసుపత్రికి వెళ్లాం. టైఫాయిడ్ అన్నారు. దగ్గర ఉండి చూసుకున్నాను. నిన్న లేచి గోడ పట్టుకుని నడిచింది. జుట్టంతా ఊడిపోయింది, ఒక చెవి వినిపించడం లేదు, ప్రాణం మాత్రం దక్కింది.

అక్కడే మంత్రసాని శిక్షణకు చేర్చుకోమని అడిగాను. స్కూలు అయ్యాక ఈ రెండేళ్లూ ఎక్కడున్నావు, కాలేజీ కాగితం ఏదీ అన్నారు. లేదన్నాను. అది వచ్చేదాకా వార్డులో ఆయాగా ఉండమన్నారు. చేరాను.

సింహాచలమ్మ మిమ్మల్ని ఒకసారి చూడాలంటోంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. కోపంగా మాత్రం లేదు. ఆదివారం పడవ ఎక్కి రండి. ఆ గుమ్మంలోకి నేను ఒక్కదాన్నే వెళ్లాను. రెండోసారి మీరు కూడా పక్కన ఉంటే బాగుంటుంది.

మీ కోడలు,
సూర్యావతి.


సిరియం,
1925 ఆగస్టు 6.

చిరంజీవి సూర్యావతికి దీవెనలు.

ఉత్తరం అందింది. పిల్ల బతికినందుకు సంతోషం. మీ అత్తకు మొత్తం చదివి వినిపించాను.

ఓహయో కాలేజీకి నీ బాకీ కింద నెలనెలా పది రూపాయలు పంపుతున్నాను. మొదటిసారి పంపినదానికి రసీదు వచ్చింది, ఇక్కడి గుమాస్తా చేత చదివించుకున్నాను. కృతజ్ఞతలు, మిగిలినది వీలైనంత త్వరగా పంపగోరుతాము అని ఉంది. మర్యాదగా రాశారు. ఇలా పంపుతూ ఉంటే ఇంకో ఏడాదిన్నరలో నీ కాగితం వస్తుంది.

మీ అత్త వస్తానంటోంది. ఆదివారం పొద్దుటి పడవకు పంపుతున్నాను. మోకాళ్లు బాగా లేవు, జెట్టీ మీద చెయ్యి పట్టుకుని దింపుకో. సింహాచలమ్మ దగ్గరికి తనే ముందు నడుస్తానంది.

నాకు రావడానికి వీలు పడదు. ఆదివారం డ్యూటీ ఉంది. ఆ పై ఆదివారం కూడా ఉంది.

మామయ్య.